బండి పెయింటు చెడకుండా స్టిక్కర్లు తీయడం ఎలా

స్టిక్కరు చూడటానికి ఒకటే. తీసేటప్పుడు మాత్రం అది రెండు వస్తువులు: పైన షీటు, కింద బంక. షీటు వేడికి వదులుతుంది, బంక నూనెకి కరుగుతుంది. ఈ రెండు పనుల్నీ విడదీసుకుంటే ట్యాంకు మీద గీత కూడా పడదు. కలిపేస్తేనే తంటా. షీటు ఇంకా అతుక్కుని ఉండగానే మీద థిన్నరు పోస్తే అది షీటును ముడతలు పెట్టి ముద్ద చేస్తుంది, బంకదాకా సరిగ్గా చేరదు. ఈలోగా చుట్టూ ఉన్న పెయింటును తినేస్తుంది. చల్లగా ఉన్న షీటును గోటితో పీకితే బంక అటు షీటునూ వదలదు, ఇటు పెయింటునూ వదలదు. గట్టిగా లాగేకొద్దీ ఏ అతుకు బలహీనంగా ఉందో అది ఊడుతుంది. ఎండకు ఎండిన పాత బండ్ల మీద, మళ్లీ పెయింటు వేయించిన బండ్ల మీద ఊడేది చాలాసార్లు పెయింటే.

చేతిలోకి ఏదీ తీసుకోకముందు చేయాల్సిన పరీక్షలు ఉన్నాయి. పది నిమిషాల పని, కానీ సగం నష్టాలు వీటిని వదిలేయడం వల్లే.

ముందు గోరు పెట్టి చూడండి

స్టిక్కరు అంచుకు అడ్డంగా గోటిని మెల్లగా జరపండి. గోరు టక్కున ఆగితే, అంచు పదునుగా తగిలితే, స్టిక్కరు పెయింటు పైన ఉన్నట్టు. దాన్ని తీయొచ్చు. గోరు ఎక్కడా ఆగకుండా నున్నగా జారిపోతే అది క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పైపొర) కింద ఉన్నట్టు. కొన్ని ట్యాంకుల మీద మెత్తటి గట్టులా చిన్న ఉబ్బు తగులుతుంది గానీ గోరు మాత్రం పట్టదు. అది కూడా క్లియర్ కోట్ కింద ఉన్నదే, షీటు మందం వల్ల పైపొర కాస్త లేచి కనిపిస్తుంది. చాలా మోడళ్లలో కంపెనీ నుంచి వచ్చే ట్యాంకు గ్రాఫిక్స్ ఇలా క్లియర్ కోట్ లోపల ఉంటాయి. వీటిని ఏ వేడీ ఏ నూనే లేపలేదు. తీయాలంటే క్లియర్ కోట్ రుద్దేసి, ఆ భాగానికి మళ్లీ పెయింటు వేయించాల్సిందే. గోటితో గీకుతూ పోతే మిగిలేది గుంటలు పడ్డ ట్యాంకు.

రెండోది, పెయింటు కంపెనీదా, తర్వాత వేయించిందా? కంపెనీలో ఇనుప భాగాలకు వేసే పెయింటును బట్టీలో కాలుస్తారు, పట్టు గట్టిగా ఉంటుంది. తర్వాత వేయించిన పెయింటు పట్టు, వేసినవాళ్లు కింద ఎంత శుభ్రం చేశారు, ప్రైమరు ఎలా వేశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. గుర్తుపట్టడానికి రబ్బరు వాషర్ల అంచులు, బోల్టు తలలు, ట్యాంకు అడుగు భాగం చూడండి. అక్కడ రంగు తుంపరలు కనిపిస్తే, టేపు వేసి ఆపిన గీత కనిపిస్తే, పక్క ప్యానెల్‌తో పోలిస్తే రంగు కాస్త తేడాగా ఉంటే అది తర్వాత వేసినదే.

అనుమానం ఉంటే టేపు పరీక్ష చేయండి. సీటు కిందో, ప్యానెల్ లోపలి అంచు మీదో 5 సెంటీమీటర్ల మాస్కింగ్ టేపు అంటించి బొటనవేలితో రుద్ది, ఒక్క ఊపున లాగండి. టేపుకి రంగు పెచ్చు అంటుకుని వస్తే ఆ పెయింటు స్టిక్కరు బంకను అసలు తట్టుకోదు. మాస్కింగ్ టేపు బంక స్టిక్కరు బంక కంటే చాలా బలహీనం మరి. అలాంటి బండి మీద స్టిక్కరు తీస్తే మళ్లీ పెయింటు వేయించడానికి సిద్ధపడే తీయాలి, లేదంటే దాని జోలికి పోకూడదు. కొత్తగా పెయింటు వేయించి నెల కూడా కాకపోతే ఈ పని వాయిదా వేయండి. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల ఇంకా గట్టిపడుతూ ఉంటుంది.

ఛాసిస్ నంబరు, ఇంజను వివరాలు, టైరు గాలి ఒత్తిడి, పొగ ప్రమాణాలు రాసి ఉండే చిన్న లేబుళ్లను మాత్రం తీయకండి. అవి అలంకారానికి పెట్టినవి కావు, బండి గుర్తింపుకీ భద్రతకీ సంబంధించినవి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

హెయిర్ డ్రయ్యర్ ఒకటి. వేడినీళ్ల బ్యాగు ఉంటే మరీ మంచిది, ట్యాంకు వంపు మీద చక్కగా కూర్చుంటుంది. గీకడానికి వాడేసిన ప్లాస్టిక్ కార్డు, దాని అంచు మీద గరుకు ఉంటే నేలకు రెండుసార్లు రుద్ది నున్నగా చేసుకోండి. మెత్తటి నూలు గుడ్డలు నాలుగైదు, మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి. ఓ బకెట్లో నీళ్లు, లీటరుకు ఒక చెంచా చొప్పున ద్రవ సబ్బు. బంక కోసం 50 మిల్లీలీటర్ల కిరోసిన్ లేదా వంట నూనె. చివరి తుడుపుకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 70 శాతం ఉన్నది చాలు. చేతులకు రబ్బరు గ్లవ్స్.

బ్లేడు, స్క్రూడ్రైవరు, స్టీలు పీచు, ఇసుక కాగితం మాత్రం దగ్గరకు కూడా రానీయకండి. గిన్నెలు తోమే స్పాంజికి ఒక వైపు ఉండే ఆకుపచ్చ పీచులో కూడా రాపిడి పొడి ఉంటుంది. మెత్తగా అనిపించినా క్లియర్ కోట్ మీద వందల సన్నగీతలు గీసేస్తుంది.

కడగండి

స్టిక్కరు చుట్టూ కనీసం 15 సెంటీమీటర్ల మేర సబ్బు నీళ్లతో కడిగి ఆరనివ్వండి. బంక కరిగించాక పెయింటు మీద రుద్దుతారు కదా, అప్పుడు అక్కడున్న ప్రతి దుమ్ము రేణువూ ఆ బంకలో ఇరుక్కుని ఇసుక కాగితం పని చేస్తుంది. "స్టిక్కరు తీశాక గీతలు పడ్డాయి" అనేవాళ్ల బండి మీద ఆ గీతలు వేసింది చాలావరకు ఈ దుమ్మే.

వేడి పెట్టడం

బంకకు కావాల్సిన వేడి ఎక్కువేం కాదు. 50 నుంచి 60 డిగ్రీల దగ్గర వినైల్ షీటూ మెత్తబడుతుంది, బంక పట్టూ సడలుతుంది. వేళ్ల వెనక వైపు ఆనిస్తే చురుక్కుమనాలి, అయినా రెండు మూడు సెకన్లు ఉంచగలగాలి. ఆనించగానే చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వస్తే వేడి ఎక్కువైనట్టే.

ప్లాస్టిక్ ప్యానెళ్ల మీద హెయిర్ డ్రయ్యర్‌ను 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, అరచెయ్యంత భాగం మీద అటూ ఇటూ తిప్పుతూ ఒక నిమిషం పెట్టండి. ఒకేచోట ఆపకండి. ప్యానెళ్లకు ఎక్కువగా వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడి ఆకారం తప్పుతుంది, అంతకంటే ముందే పెయింటు నిగారింపు పోతుంది. అందుకే హీట్ గన్ ఈ పనికి పనికిరాదు. చాలా హీట్ గన్ల మూతి దగ్గర గాలి 300 డిగ్రీలు దాటుతుంది, మనకు కావాల్సింది అందులో ఐదో వంతు. చేయి తిరిగినవాళ్లు వాడుతుంటారు గానీ ఒక్క క్షణం చూపు పక్కకు పోయినా పెయింటు బుడగలు లేస్తుంది. ఆ బుడగను ఇక ఎవరూ నయం చేయలేరు.

పెట్రోలు ట్యాంకు సంగతి వేరు. హెయిర్ డ్రయ్యర్ లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది, మోటారులో నిప్పురవ్వలు పుడతాయి. ట్యాంకు మూత దగ్గర, కింద వేలాడే గొట్టం దగ్గర పెట్రోలు ఆవిరి ఉండొచ్చు. ఆ ఆవిరి గాలికంటే బరువు, కిందికి జారి పేరుకుంటుంది. మూసి ఉన్న గదిలో ఇది నిజంగా ప్రమాదం. కాబట్టి ట్యాంకు మీద డ్రయ్యర్ మానేసి వేడినీళ్లే వాడండి. బండిని ఆరుబయట పెట్టి, ఇంజను పూర్తిగా చల్లారాక, మూత బిగించి మొదలుపెట్టండి.

మరిగిన నీళ్లు రెండు పాళ్లు, మామూలు నీళ్లు ఒక పాలు కలిపితే వేడి సుమారు 75 డిగ్రీలు ఉంటుంది. దాన్ని బ్యాగులో పోసి స్టిక్కరు మీద 3 నిమిషాలు ఉంచండి. బ్యాగు లేకపోతే మందపాటి గుడ్డను ఆ నీళ్లలో ముంచి, గ్లవ్స్ వేసుకుని పిండి, స్టిక్కరు మీద పరిచి పైన ప్లాస్టిక్ కవరు కప్పండి. గుడ్డ పిండేసరికే వేడి 60కి దిగుతుంది, కవరు ఆ వేడిని నిలుపుతుంది. రెండేసి నిమిషాలకు గుడ్డ మారుస్తూ మూడుసార్లు వేయండి. ఇనుము వేడిని త్వరగా లాగేసుకుంటుంది, అందుకే ఒకసారికి సరిపోదు.

బండిని గంటసేపు ఎండలో నిలిపితే సగం పని దానంతటదే అవుతుంది. ముదురు రంగు ట్యాంకు ఎండలో బాగా కాలుతుంది, అప్పుడు షీటు తేలిగ్గా లేస్తుంది. చల్లటి తెల్లవారుజామున మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆ చలికి బంక బిగుసుకుని ఉంటుంది, షీటు పెళుసెక్కి ముక్కలు ముక్కలుగా విరుగుతుంది.

లాగడం

ఏదైనా ఒక మూల నుంచి మొదలుపెట్టండి. ఇదివరకే కాస్త లేచిన మూల ఉంటే అదే మేలు. ప్లాస్టిక్ కార్డు అంచును పెయింటుకు దాదాపు పడుకోబెట్టినట్టు పెట్టి మూల కిందికి తోయండి. గోరు పట్టేంత లేచాక కార్డు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. లేచిన మూలను మీ వైపు పైకి లాగకూడదు. దాన్ని వెనక్కి మడిచి, స్టిక్కరు మీదుగానే, పెయింటుకు దగ్గరగా లాగాలి. నిలువుగా పైకి లాగితే ఆ బలమంతా పెయింటును పైకి పెకలించడానికి పనిచేస్తుంది. వెనక్కి మడిచి లాగితే బలం ఊడుతున్న ఆ సన్నటి గీత మీదే పడుతుంది, పెయింటు మీద పైకి లాగే భారం తగ్గుతుంది. వేగం సెకనుకు ఒక సెంటీమీటరు మించకూడదు. మధ్యమధ్య ఆగి వేడి పెట్టడంతో కలిపి చిన్న స్టిక్కరుకు కూడా రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు.

ఊడే గీతను దగ్గరగా గమనించండి, అది అన్నీ చెబుతుంది. సన్నగా సర్రుమని ఒకే తీరున చప్పుడు వస్తూ, షీటు వెనకాల బంక పొర అతుక్కుని వస్తుంటే వేడి సరిగ్గా ఉన్నట్టు. కింద పెయింటు దాదాపు శుభ్రంగా బయటపడుతుంది. బంక సాలెగూడు పోగుల్లా సాగుతూ, సగం షీటుకూ సగం పెయింటుకూ మిగులుతుంటే వేడి ఎక్కువైంది. అర నిమిషం ఆగండి. షీటు చిటుక్కున తెగిపోతుంటే వేడి చాలలేదు, మళ్లీ పెట్టండి. చేతికి షీటు రబ్బరులా సాగిపోతుంటే కూడా వేడి ఎక్కువైందనే అర్థం. ఒకటి రెండు స్టిక్కర్లు తీసేసరికి ఇదంతా వేళ్లకే తెలిసిపోతుంది.

పొడవాటి గీతల స్టిక్కరయితే మొత్తం ఒకేసారి వేడి చేయకండి. 10 సెంటీమీటర్లు వేడి చేసి, అంతమేర లాగి, మళ్లీ వేడి చేయండి. తోడు ఎవరైనా ఉంటే ఒకరు డ్రయ్యర్ పట్టుకుని ఊడుతున్న గీతకు కాస్త ముందు వేడి పెడుతూ పోతే చాలా హాయి. పొడవు ఎక్కువైందని బ్లేడుతో పెయింటు మీదే ముక్కలు కోయొద్దు. లేచిన భాగాన్ని కత్తెరతో కత్తిరించుకోవచ్చు.

లాగుతుండగా షీటు వెనక రంగు పెచ్చు కనిపిస్తే ఆ క్షణమే ఆగండి. లేచిన భాగాన్ని తిరిగి కిందికి అద్ది, మళ్లీ వేడి చేసి, ఎదురు మూల నుంచి ప్రయత్నించండి. ఒక్కోసారి ఒక అంచు దగ్గర మాత్రమే పెయింటు చెడి ఉంటుంది. అటు నుంచి కూడా పెచ్చు వస్తుంటే అక్కడితో వదిలేయడమే తెలివైన పని.

మొండి రకాలు

రేడియం స్టిక్కర్లు అన్నిటికంటే ఓపికను పరీక్షిస్తాయి. వాటిలో వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి, దాని మీద కప్పిన పొర ఇంకొకటి ఉంటాయి. నాలుగైదేళ్లు ఎండలో ఉన్నాక పైపొర ఒక్కటే పొట్టులా లేచి, కింద బూడిదరంగు పొర మిగిలిపోతుంది. అది గోరంత ముక్కలుగానే వస్తుంది. దానికి దగ్గరదారి లేదు. పైపొర మొత్తం తీసేశాక మిగిలిన పొర మీద కిరోసిన్ తడిపిన గుడ్డ పరిచి, కవరు కప్పి 15 నిమిషాలు ఉంచండి. పైపొర పోయింది కాబట్టి, పగుళ్ల గుండా కిరోసిన్ లోపలికి ఇంకుతుంది. తర్వాత ప్లాస్టిక్ కార్డుతో తోయండి. ఇలా మూడు నాలుగు విడతలు పట్టినా ఆశ్చర్యపోవద్దు.

కాగితం లేబుళ్లకు వేడి అక్కర్లేదు. సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డ 20 నిమిషాలు వేస్తే కాగితం నాని ముద్దగా వస్తుంది, బంక తర్వాత చూసుకోవచ్చు.

ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలు, ప్లాస్టిక్ ఎంబ్లమ్‌లు స్పాంజి లాంటి టేపుతో అతికించి ఉంటాయి. వీటి కింద కార్డు దూర్చి ఎత్తితే ట్యాంకు మీద నొక్కు పడుతుంది, లేదా అక్షరం విరుగుతుంది. వేడి పెట్టాక, గాలానికి కట్టే నైలాన్ దారాన్ని గానీ పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని గానీ రెండు చేతులకూ చుట్టుకుని, ఎంబ్లమ్ వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి. దారం స్పాంజిని మధ్యగా కోసేస్తుంది. ముందుగా చుట్టూ మాస్కింగ్ టేపు వేసుకుంటే దారం పెయింటును ఒరుసుకోదు. ఎంబ్లమ్ వెనక పిన్నులు ఉండి ప్యానెల్ రంధ్రాల్లో దిగి ఉండొచ్చు. దారం ఒకచోట ఆగిపోతే బలవంతం చేయకుండా ప్యానెల్ విప్పి వెనక నుంచి చూడండి.

బంక తీయడం

షీటు పోయింది. ఇప్పుడు బండిని నీడకు జరిపి పెయింటు చల్లారనివ్వండి. వేడి పెయింటు మీద ఏ ద్రవమైనా పని చేసేలోపే ఆవిరైపోతుంది, కిరోసిన్ అయితే నిప్పు భయం కూడా.

మొదట ఖర్చులేని పద్ధతి చూడండి. తీసిన స్టిక్కరు బంక వైపును మిగిలిన బంక మీద అద్ది, టక్కున లాగండి. బంకకు బంకే బాగా అంటుతుంది, పల్చగా మిగిలినవి చాలావరకు దానితోనే వచ్చేస్తాయి. మిగిలిన వాటిని బొటనవేలితో ఒకే దిక్కుకు దొర్లిస్తే ఉండలు కడతాయి.

తర్వాత కిరోసిన్. రెండు చెంచాలు గుడ్డ మీద పోసి, బంక మీద పరిచి 5 నిమిషాలు ఉంచండి. రుద్దాలనే తొందర ఇక్కడే పుడుతుంది, కరగాల్సింది కాలంతోనే గాని బలంతో కాదు. 5 నిమిషాలయ్యాక బయటి అంచు నుంచి లోపలికి తుడవండి. లోపల నుంచి బయటికి తుడిస్తే శుభ్రంగా ఉన్న చోటికి కూడా బంక పాకుతుంది. ప్రతి తుడుపుకూ గుడ్డలో కొత్త భాగం తిప్పుకోండి. రెండు మూడు విడతల్లో పోతుంది. వంట నూనె కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే అరగంట ఉంచాలి. పెయింటు మీద అనుమానం ఉన్న చోట నూనే మేలు, దాని వల్ల హాని లేదు. డబ్ల్యూడీ-40 ఉంటే నేరుగా బండి మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి వాడండి.

ఏ ద్రవమైనా ముందు కనిపించని చోట దూదితో 30 సెకన్లు అద్ది చూడండి. దూదికి రంగు అంటినా, అక్కడ పెయింటు జిగటగా అనిపించినా దాన్ని వాడకండి.

థిన్నరు, అసిటోన్, గోళ్లరంగు తీసే ద్రవం ఈ పనికి వద్దు. కంపెనీ పెయింటు వీటిని క్షణాలపాటు తట్టుకుంటుంది, తర్వాత వేయించిన మామూలు పెయింటు తగిలీ తగలగానే కరిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ అయితే పెయింటునే లేపేస్తుంది. చాలామంది చేతికి మొదట తోచే పెట్రోలు కూడా మంచిది కాదు. బంక కరిగేలోపే ఆవిరైపోయి, సగం కరిగిన బంకను పల్చగా పులిమేస్తుంది, ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్లు తెప్పించగలదు. నిప్పు సంగతి చెప్పనక్కర్లేదు.

చక్రాల రిమ్ముల మీద రేడియం టేపు తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. నూనె గానీ కిరోసిన్ గానీ ఒక్క చుక్క కూడా బ్రేక్ డిస్కు మీద, ప్యాడ్ల మీద, టైరు మీద పడకూడదు. డిస్కుకు ప్లాస్టిక్ కవరు తొడిగి, ద్రవాన్ని గుడ్డకే పట్టించి పని చేయండి. పొరపాటున డిస్కు మీద పడితే ఆల్కహాల్‌తో తుడిచి శుభ్రం చేయకుండా బండి కదపొద్దు. ప్యాడ్లు నూనె పీల్చితే తుడిచినా ప్రయోజనం ఉండదు, మార్చాలి.

బంక పోయాక సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. ఇంకా ఏమైనా మిగిలిందా అని చూడటానికి పల్చటి పాలిథిన్ కవరులో చెయ్యి పెట్టి వేళ్లతో మెల్లగా తడమండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవరు లోంచి స్పష్టంగా తగులుతుంది.

అన్ని ఉపరితలాలూ ఒకటి కావు

మ్యాట్ పెయింటు మీద రుద్దడం నిషేధమనుకోండి. దాని మసకదనం పైపొరలోని సన్నటి గరుకు వల్లే వస్తుంది. రుద్దిన చోట ఆ గరుకు అరిగి మెరుపు మచ్చ పడుతుంది, దాన్ని తిరిగి మ్యాట్ చేయడం కుదరదు. నూనెతో నానబెట్టి, అద్ది తీసి, సబ్బు నీళ్లతో కడిగేయండి. పాలిష్, వ్యాక్స్ ఏవీ వద్దు.

పెయింటు లేని నల్లటి గరుకు ప్లాస్టిక్‌లో బంక గుంటల్లోకి దిగుతుంది. వంట నూనె రాసి, మెత్తటి పళ్ల బ్రష్‌తో తిప్పుతూ తీయండి. ఇక్కడ డ్రయ్యర్ వేడి ఎక్కువైతే గరుకు డిజైన్ చదునైపోయి మెరుస్తుంది.

వైజరు, హెడ్‌లైట్ అద్దం చాలా బండ్లకు పాలికార్బొనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్‌వి. పెట్రోలు, థిన్నరు, అసిటోన్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు తగిలితే లోపల సాలెగూడు పగుళ్లు పుడతాయి. కొన్ని వెంటనే కనిపించవు, తర్వాత బయటపడతాయి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డను గంట వేసి, వేలితో దొర్లించి తీయడమే ఇక్కడ సరైన దారి.

స్టిక్కరు పోయింది, దాని నీడ పోలేదు

ఇక్కడ చాలామంది కంగారు పడతారు. స్టిక్కరు ఆకారంలోనే ముదురు మచ్చ కనిపిస్తుంది. పెయింటు చెడిందేమో అనుకుంటారు, నిజానికి స్టిక్కరు కింద ఉన్నదే బండి కొన్నప్పటి అసలు రంగు. వెలిసింది చుట్టూ ఉన్నది.

ఈ వెలిసిపోవడం రెండు రకాలు. క్లియర్ కోట్ పై తలం మాత్రమే ఎండకు, దుమ్ముకు మసకబారి ఉంటే పాలిష్‌తో తేడా బాగా తగ్గుతుంది. లోపలి రంగే వెలిసి ఉంటే, ముఖ్యంగా ఎరుపులో, పాలిష్ ఎంత చేసినా తేడా పోదు. రంగు క్లియర్ కోట్ కింద ఉంది, పాలిష్ అక్కడిదాకా వెళ్లదు. ఏది మీదో తెలియాలంటే మచ్చ అంచు దగ్గర, బయటి వైపున, నాలుగు వేళ్ల వెడల్పు చోట చేత్తో పాలిష్ చేసి చూడండి. ఆ చోటు మచ్చ రంగులోకి దగ్గరపడితే మిగతాది కూడా వస్తుంది.

పాలిష్ చేయాల్సింది మచ్చను కాదు, దాని చుట్టూ వెలిసిన ప్యానెల్ మొత్తాన్ని. బఠాణీ గింజంత సన్నరకం పాలిష్‌ను స్పాంజి మీద తీసుకుని, 20 సెంటీమీటర్ల చదరంలో ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, చేతి బరువు మాత్రమే ఆనించి రుద్దండి. ఒకటి రెండు నిమిషాలయ్యాక తుడిచి చూడండి. గరుకు ఎక్కువుండే రబ్బింగ్ కాంపౌండుతో మొదలుపెట్టకండి. క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుక కంటే పల్చన. ట్యాంకు మడత గీతల మీద, ప్యానెల్ అంచుల మీద అది ఇంకా పల్చగా ఉంటుంది. కాబట్టి అంచులకు మాస్కింగ్ టేపు వేసుకుని, వాటి మీదికి చెయ్యి పోకుండా చూసుకోండి. రుద్దుతుంటే గుడ్డకు బండి రంగే అంటుతోందంటే రెండే కారణాలు: మీ బండి పెయింటుకు క్లియర్ కోట్ లేదు, లేదా ఉన్నది అరిగిపోయింది. ఏదైనా సరే అక్కడితో ఆపండి.

ఒక్కోసారి రంగు తేడా ఉండదు, పక్కవాటు వెలుగులో చూస్తే స్టిక్కరు అంచు సన్నటి గీతలా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి అక్కడ దుమ్ము, నీరు నిలిచి క్లియర్ కోట్‌ను కొరికిన గుర్తు అది. పాలిష్‌తో పల్చబడుతుంది, పూర్తిగా పోవడం అరుదు. పోయేదాకా రుద్దాలని చూస్తే క్లియర్ కోటే అరిగిపోతుంది.

పని అయ్యాక ఆ ప్యానెల్‌కు వ్యాక్స్ పెట్టండి, ఇన్నాళ్లూ కప్పి ఉన్న పెయింటుకు ఇప్పుడే కొత్తగా ఎండ తగులుతుంది. అదే చోట మళ్లీ కొత్త స్టిక్కరు వేయాలనుకుంటే మాత్రం వ్యాక్స్ మానేసి ఆల్కహాల్‌తో తుడిచి వేయండి, వ్యాక్స్ మీద బంక నిలవదు.

ఎంత జాగ్రత్తపడ్డా చిన్న పెచ్చు లేచి ఇనుము కనిపిస్తే ఆ రోజే దాన్ని మూయండి. చుట్టూ ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి కుంచెతో ముందు ప్రైమరు చుక్క, ఆరాక బండి రంగు టచప్ పెయింటు రెండు పల్చటి పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య కనీసం అరగంట ఆగండి. వాన తడి తగిలేదాకా వదిలేస్తే తుప్పు పక్కనున్న మంచి పెయింటు కిందికి పాకుతుంది. అప్పుడు చుక్కతో పోయేది ట్యాంకంతా పెయింటు వేయించేదాకా వస్తుంది.